కొలువులో కావలివాడు

(చెన్నై టి. నగర్‌లో తెలుగువాళ్ళ సాయంకాలపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు వెనకాల నించున్నారు, ముందుకి రండమ్మా. కింద చాప వేశారు, కూర్చోండి. ఈ బల్ల మీద ఉన్నవి మీకు దగ్గరగా కనపడాలి. అన్నీ ముట్టుకోవచ్చు, స్టీలు పళ్ళెంలో ఉన్న ఆ రెండూ తప్ప. అవెందుకు ముట్టుకోకూడదో వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు ఇతన్ని చూడండి. నలభై దాటినవాళ్ళు చూడగానే గుర్తుపట్టే ఉంటారు. హీ-మ్యాన్, కార్టూనులో వీరుడు. 5½ అంగుళాల మనిషి. నడుం పట్టుకుని ఇలా ఓ పక్కకి తిప్పి వదిలితే లోపలున్న స్ప్రింగు విసురుకి గిర్రున వెనక్కొచ్చి ఒక గుద్దు గుద్దుతాడు. చూశారా? ముప్పై అయిదేళ్ళు దాటినా ఆ స్ప్రింగు ఇంకా పనిచేస్తోంది. మాటెల్ కంపెనీ 1982లో అమెరికాలో ఈ బొమ్మల్ని తెచ్చింది. కార్టూను ఆ మరుసటేడు, 1983లో వచ్చింది. అంటే బొమ్మ ముందు, కథ తరవాత. ఇక్కడ మన దేశంలో లియో మాటెల్ అనే పేరుతో ఇక్కడే తయారుచేసి అమ్మారు. నా చేతిలో ఉన్నది అదే.

ఇతని కుడి పాదం కొంచెం దగ్గరగా చూడండి. బొటనవేలి వైపు నాలుగు చిన్న గుంటలున్నాయి. అవి మా పిన్ని కూతురి పళ్ళగాట్లు. అప్పుడు దానికి ఏడాదిన్నర. పళ్ళొచ్చే దురదకి ఏది దొరికితే అది కొరికేది. బొమ్మల ధరలు చూసేవాళ్ళకి చూపిస్తే, ఈ పాదం వల్ల బొమ్మ విలువ సగం పడిపోయిందన్నారు. నాకు మాత్రం ఈ బల్ల మీద ఉన్న వాటన్నిట్లో ఈ పాదమే ఎక్కువ విలువైనది. ఎందుకో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

మాది నెల్లూరు వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల మద్రాసు వచ్చి పశ్చిమ మాంబళంలో అద్దెకుండేవాళ్ళం. అమ్మ వాళ్ళ పుట్టింట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. ఇక్కడికి వచ్చాక చుట్టుపక్కల అందరూ నవరాత్రికి పెడుతుంటే అమ్మ కూడా దసరాకి మార్చుకుంది. ట్రంకు పెట్టెల మీద చెక్కలు పేర్చి, తెల్ల దుప్పటి పరిచి, అయిదు మెట్లు కట్టేది. పై మెట్టు మీద కలశం, దేవుళ్ళు. తరవాత కొండపల్లి దశావతారాలు. ఆ కిందన ఏటికొప్పాక లక్కబొమ్మలు, మా అమ్మమ్మ ఇచ్చిన లక్కపిడతలు. ఒక్కో బొమ్మనీ గుడ్డలోంచి విప్పుతూ అమ్మ చెప్పుకుంటూ పోయేది. ఇది పెద్దత్తయ్య ఇచ్చింది, ఇది నీ బారసాలకి వచ్చింది, దీని చెయ్యి విరిగితే తాతయ్య మైనంతో అతికించాడు, అని. ప్రతి ఏడూ అవే మాటలు. మాకు నోటికొచ్చేసేవి.

1989 దసరాకి అన్నయ్య పట్టుబట్టాడు, తన హీ-మ్యాన్‌ని కూడా కొలువులో పెట్టాల్సిందేనని. వాడికి పదేళ్ళు, నాకు ఏడు. నాన్నమ్మకి ఇష్టం లేదు. రాముడి పక్కన ఈ చొక్కాలేనివాడేమిటని ఆవిడ బాధ. అమ్మ కాసేపు ఆలోచించి, కింది మెట్టు పక్కన మేం ఆవాలు మొలిపించి కట్టిన పార్కు ఉంది కదా, దాని గేటు దగ్గర నిలబెట్టింది. "కావలివాడుగా ఉండనీండి అత్తయ్యా" అంది. పేరంటానికి వచ్చినవాళ్ళకి శనగలు, తాంబూలం ఇస్తూ, అందరికీ అలాగే చెప్పింది. మా కావలివాడు అని. పండగ అయ్యాక మిగతా బొమ్మల్తో పాటు అతన్నీ పాత పంచె ముక్కలో చుట్టి ట్రంకులో పెట్టేసింది. ఆ తరవాత ప్రతి దసరాకీ వచ్చాడు. అన్నయ్య మిగతా బొమ్మలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం, విరిగాయి, పారేశాం. కొలువు ట్రంకులో ఉండబట్టి ఇతనొక్కడు మిగిలాడు.

బొమ్మలు సేకరించడం విదేశీ సరదా అని, డబ్బున్నవాళ్ళ పని అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఏడాదికోసారి బొమ్మల్ని బయటికి తీసి, తుడిచి, వరస పెట్టి, ఎవరిచ్చారో చెప్పి, మళ్ళీ భద్రంగా లోపల పెట్టడం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని. ఇంతకంటే చక్కటి సేకరణ పద్ధతి నాకెక్కడా కనపడలేదు.

ఇంకో సంగతి. జీ.ఐ. జో అనే సిపాయి బొమ్మని హాస్‌బ్రో కంపెనీ 1964లో తెచ్చింది. 'డాల్' అంటే మగపిల్లలు ముట్టుకోరని దానికి 'యాక్షన్ ఫిగర్' అని కొత్త పేరు కట్టారు. మన తెలుగుకి ఆ ఇబ్బంది లేదు. మట్టితో చేసినా బొమ్మే, గుడ్డతో కుట్టినా బొమ్మే, కాగితం మీద గీసినా బొమ్మే, తెర మీద కదిలినా బొమ్మే. ఇక్కడి కోడంబాక్కంలో తీసిన సినిమాల్ని కూడా మనవాళ్ళు బొమ్మ అనే అన్నారు. కార్టూనునీ ఆట బొమ్మనీ ఒకే మాటతో పిలిచే భాష మనది. ఢిల్లీలో బొమ్మల మ్యూజియం పెట్టిన శంకర్ కార్టూనిస్టే కదా. 1965లో తెరిచారు దాన్ని. కార్టూనులు గీసే చేతికి ఆట బొమ్మల మీద మనసు పోవడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

టీవీ సంగతికొస్తాను. మా ఇంట్లో నలుపు తెలుపు టీవీ. హీ-మ్యాన్ జుట్టు ఏ రంగో నాకు టీవీలో చూసి తెలీలేదు, బొమ్మని చూసి తెలిసింది. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో డిస్నీ బాతులొచ్చేవి, హిందీలో మాట్లాడుతూ. మాకు హిందీ ఒక్క ముక్క రాదు. వీధిలో పిల్లలకీ రాదు. ఏం జరుగుతోందో మొహాలు చూసి ఊహించుకునేవాళ్ళం, మధ్యాహ్నం బొమ్మలతో ఆ కథని మళ్ళీ ఆడుకునేవాళ్ళం. అప్పుడు మాత్రం అందరూ తెలుగే మాట్లాడేవాళ్ళు. పక్కింటి పిల్లలొస్తే తమిళం. మా డొనాల్డ్ డక్‌కి అన్నయ్య మా నెల్లూరు యాస పెట్టాడు. మా ఆటలో వాడు ప్రతి దానికీ "ఏందిరా సామీ" అనేవాడు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చేసరికి నాకు పదమూడేళ్ళు, అప్పటికి ఆట ఆగిపోయింది. అందుకని ఆ తరవాతి బొమ్మల గురించి నాకు పెద్దగా పట్టింపు లేదు. వాటిని ఆడినవాళ్ళు వాటి గురించి చెప్పాలి.

ఇక మద్రాసు. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒక విషయం తెలియాలి. ఫన్‌స్కూల్ అనే పేరు వినే ఉంటారు. 1987లో టైర్ల కంపెనీ ఎమ్మారెఫ్, హాస్‌బ్రో కలిసి పెట్టిన బొమ్మల కంపెనీ. ఆఫీసు ఇక్కడే, మన చెన్నైలో. గోవాలో, రాణిపేటలో ఫ్యాక్టరీలు. అమెరికాలో వాడిన అచ్చులు ఇక్కడికి వచ్చేవి. ఆ అచ్చుల్లో పోసిన జీ.ఐ. జో సిపాయిలకి ఇక్కడ వేరే రంగులు పడ్డాయి. అక్కడ ఆకుపచ్చ చొక్కా వేసుకున్నవాడు ఇక్కడ ఇంకో రంగు చొక్కాతో వచ్చాడు. 1994లో అక్కడ ఆ చిన్న సిపాయిల వరస ఆపేశాక కూడా ఇక్కడ అమ్ముతూనే ఉన్నారు. అందుకని ఇవాళ అమెరికాలో, యూరప్‌లో సేకరించేవాళ్ళు మన దేశంలో తయారైన సిపాయిల్ని ప్రత్యేకంగా వెతుక్కుంటారు. మనం విరిగిందని పాత సామాన్లవాడికి వేసేసినవాటిని!

వీళ్ళు నాకెలా దొరికారో చెప్తాను. 2009లో, మాంబళం స్టేషను దగ్గర ఒక కాయలాన్ కడకి, అంటే పాత సామాన్ల కొట్టుకి, పాత పేపర్లు వెయ్యడానికి వెళ్ళాను. తూకం పక్కన ఒక గోతాంలో ప్లాస్టిక్ ముక్కలున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే సగం సగం మనుషులు. నడుం పైన ఒకటి, నడుం కింద ఒకటి. ఏడు మొండేలు, ఆరు జతల కాళ్ళు. కొట్టు అణ్ణా తూకం వేసి ముప్పై రూపాయలన్నాడు.

ఇంటికి తెచ్చి ఒకణ్ణి విప్పాను. ఇదిగో, పిల్లలూ, ఇలా రండి. వీపు మీద ఒకే ఒక్క స్క్రూ. అది తీస్తే ఛాతీ రెండు పలకలుగా విడిపోతుంది. చేతులు, తల వాటంతటవే ఊడొస్తాయి. కాళ్ళ జత పైన ఈ ఇనప కొక్కెం ఉంది చూడండి. లోపల నల్లటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది, ఒక కొస ఈ కొక్కేనికి, ఇంకో కొస స్క్రూ దూరే గొట్టానికి. మనిషి మొత్తాన్ని పట్టుకుని ఉంచేది ఆ రింగే. ఇరవై ఏళ్ళకి ఆ రబ్బరు ఎండి బీటలేసి తెగుతుంది. తెగిందా, సిపాయి నడుం దగ్గర రెండు ముక్కలైపోతాడు. ఏ భాగమూ విరగలేదు. కానీ చూసినవాళ్ళు విరిగిపోయిందనుకుని పారేస్తారు. నేను కొళాయి సామాన్లమ్మే హార్డ్‌వేర్ కొట్లో రకరకాల రింగులు తెచ్చి, సరిపోయేది దొరికేదాకా ఒక్కోటీ వేసి చూశాను. మొదటివాడు లేచి నిలబడ్డప్పుడు రాత్రి పదకొండున్నర. మా ఆయన్ని నిద్రలేపి చూపించాను.

స్క్రూ విషయంలో ఒక్క మాట. మన ఊరి ఉప్పుగాలికి అవి తుప్పు పడతాయి. సరైన కొలత స్క్రూడ్రైవరు లేకుండా తిప్పితే తల అరిగిపోతుంది, ఇక ఆ బొమ్మ ఎప్పటికీ తెరుచుకోదు. తొందర పడకండి.

ఆ ఏడుగురిలో ఒకడు సేకరించేవాళ్ళు బాగా వెతికే రకమని నాకు తరవాత తెలిసింది. తెలిశాక ముప్పై రూపాయలకి తెచ్చుకుని ఊరుకోవడం నచ్చలేదు. వెళ్ళి అణ్ణాకి చెప్పాను, కొంత డబ్బిచ్చాను. ఆయన మొదట నమ్మలేదు. తరవాత నుంచి గోతాంలోకి బొమ్మలు వస్తే విడిగా ఒక బకెట్లో వేసి ఉంచేవాడు. అంతకంటే ముఖ్యంగా, ఏ వీధి నుంచి వచ్చాయో గుర్తుపెట్టుకునేవాడు. అమ్మేవాళ్ళకి అర్థంకాని విలువ మనకి తెలిసినప్పుడు, చెప్పి కొనాలి. చెప్పకుండా కొనేవాళ్ళ మీద నాకు గౌరవం లేదు.

ఇప్పుడు ఈ పళ్ళెం. ఇందులో మొదటిది డొనాల్డ్ డక్ కూర్చున్న చిన్న పడవ. గట్టి ప్లాస్టిక్. అడుగున చూడండి, గోళీ కాయ పట్టేంత గుంట. లోపలికి కరిగిపోయి ఉంది. కొలువు ట్రంకులో అమ్మ పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసేది. మట్టి బొమ్మలకి, గుడ్డలకి అవి బానే పనిచేశాయి. కానీ ఇలాంటి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ని ఆ ఉండలు మెత్తబరుస్తాయి. ఒక ఉండ పడవకి ఆనుకుని ఏడాదంతా ఉంది, అంతే. మీ ఇళ్ళల్లో కొలువు పెట్టెలో ప్లాస్టిక్ బొమ్మలుంటే ఇవాళే వెళ్ళి ఆ ఉండలు తీసెయ్యండి. మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

రెండోది ఈ మిక్కీ. మెత్తటి పీవీసీ. పీవీసీ స్వతహాగా గట్టిగా ఉంటుంది, మెత్తబడడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది మెల్లగా పైకి ఊరుతుంది. అందుకే పాత బొమ్మలు జిడ్డుగా, చేతికి అంటుకుంటూ ఉంటాయి. వేడి ఎక్కువైతే ఇంకా ఊరుతుంది, మన మే నెల సంగతి మీకు తెలుసు. గాలాడకుండా పాలిథిన్ కవర్లో బిగించి కట్టకండి. గట్టి ప్లాస్టిక్ బొమ్మకి ఆనించి పెట్టకండి, దాన్ని కూడా తినేస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ, ఆపైన నీడలో ఆరబెట్టడం. స్పిరిట్లూ థిన్నర్లూ వద్దు, రంగు పోతుంది. తెల్లబొమ్మలు పసుపెక్కితే హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండలో పెడతారు కొందరు. తెల్లబడుతుంది నిజమే, మచ్చలు మచ్చలుగా మళ్ళీ పసుపెక్కడం కూడా చూశాను. నేను వాటి జోలికి పోను.

ఇదంతా నాకు ఓపిగ్గా చదివితే వచ్చింది కాదు. 2015 వల్ల వచ్చింది. అప్పటికి మేం జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో ఉన్నాం. డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగి, తెల్లారేసరికి ఇంట్లో నడుం లోతు నీళ్ళు. మూడో రోజు తిరిగి వెళ్ళి తలుపు తీస్తే, కొలువు ట్రంకు బోర్లాపడి ఉంది. మూత తీశాం. మట్టి బొమ్మలు ఒక్కటి లేవు. పంచె ముక్కల్లో బురద ముద్దలున్నాయి, ఒక్కో ముద్దలో ఒక్కో రంగు. అమ్మ పెళ్ళి నాటి నుంచీ ఉన్న సీతారాములు, కొట్టు నడిపే దంపతుల బొమ్మలు చెట్టియారు, చెట్టియారమ్మ అన్నీ పోయాయి. కొండపల్లి బొమ్మలు పొణికి చెక్కవి కదా, ఉబ్బి రంగు విడిచాయి. ఆ బురదలో ఇతను, ఈ హీ-మ్యాన్, చెక్కుచెదరకుండా పడి ఉన్నాడు. కొళాయి కింద పెట్టి కడిగితే శుభ్రంగా వచ్చేశాడు.

అమ్మ అతన్ని చేతిలోకి తీసుకుని, "అందరూ పోయారు, కావలివాడు మిగిలాడు" అంది. ఇంకేం మాట్లాడలేదు.

ఆ రోజు నాకు ఇంకోటి కూడా తెలిసొచ్చింది. ప్లాస్టిక్‌కి ఏమీ కాలేదు, కానీ కాగితం మొత్తం పోయింది. సిపాయిల వెనక అట్టలు, వాటి మీద ఉండే పరిచయాలు, పాత బిల్లులు, అన్నయ్య చిన్నప్పుడు పెన్సిలుతో రాసుకున్న బొమ్మల జాబితా. పోయిన సీతారాముల గురించి అమ్మ ప్రతి దసరాకీ చెప్పే మాటలున్నాయే, అవి మాత్రం మా అందరికీ గుర్తున్నాయి. అందుకని మరుసటి నెల్లోనే ఒక నోటుబుక్కు కొన్నాను. ఇదే. బొమ్మకో పేజీ. ఎవరు కొన్నారు, ఎవరు ఆడారు, ఏమని పిలిచేవారు, ఏ దెబ్బ ఎలా తగిలింది. అమ్మేవాళ్ళ దగ్గర కొన్నా అడుగుతాను. చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పడం మొదలుపెడితే ఆపరు. అన్ని పేజీలకీ ఫోనులో ఫొటోలు తీసి అన్నయ్యకి పంపించాను, రెండు చోట్ల ఉండాలని.

పెట్టె కూడా విప్పని బొమ్మలకే వేలకు వేలు పలుకుతాయి. వాటిని దాచేవాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళ వల్లే పాత అట్టలు, పెట్టెలు ఎలా ఉండేవో ఇవాళ మనకి తెలుస్తోంది. కానీ పెట్టె విప్పని బొమ్మ గురించి నా నోటుబుక్కులో రాయడానికి ఏముంటుంది? ఆ హీ-మ్యాన్ ఏ యాసా మాట్లాడి ఉండడు.

పేరులేని బొమ్మలనీ వదలొద్దు. ఈ ఎర్ర టోపీ బాతుని చూడండి. ఏ కంపెనీదో ఎక్కడా లేదు. డొనాల్డ్‌ని చూసి ఎవరో అచ్చు తీశారు, టోపీ రంగు మార్చేశారు, నొక్కితే కీచుమంటుంది. ఇక్కడి తీవుత్తిడల్ మైదానంలో పెట్టే ఎగ్జిబిషన్లో రెండు రూపాయలకి కొన్నది. హీ-మ్యాన్ కొనే స్తోమత లేని ఇళ్ళే ఎక్కువ అప్పట్లో. ఆ పిల్లల చేతుల్లో ఉన్న డొనాల్డ్ ఇదే. దీన్ని నకిలీ అని పక్కన పెట్టేస్తే ఆ పిల్లల చిన్నతనాన్ని పక్కన పెట్టేసినట్టే.

(సభలోంచి ఒక అమ్మ: మా మనవడి బొమ్మలు గదినిండా ఉన్నాయి, వాటిలో ఏవి దాచాలమ్మా?)

మంచి ప్రశ్న అడిగారు పిన్నిగారూ. అన్నీ దాచలేరు, దాచకూడదు కూడా. వాడు పేరు పెట్టి పిలిచేదేదో అది దాచండి. మా పక్కింటి బాబుకి ఛోటా భీమ్. మన హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ వాళ్ళు చేసిన కార్టూను, 2008లో పోగో ఛానల్లో మొదలైంది. మా తరానికి కార్టూను బొమ్మలన్నీ బయటి నుంచి వచ్చాయి, వీళ్ళకి లడ్డు తిని బలం తెచ్చుకునే మనవాడున్నాడు. వెలుగులూ పాటలూ ఉన్న బొమ్మైతే లోపలి బ్యాటరీలు తీసేసి దాచండి. అవి కారితే లోపలి రేకులన్నీ తినేస్తాయి. కారినా కంగారు పడకండి, నిమ్మరసంలో దూది ముంచి తుడిస్తే చాలావరకు పోతుంది. ఇంకొకటి, మా కాలం బొమ్మల్ని నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వకండి. ఆ రంగుల్లో ఏముందో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయ్యింది 2021 జనవరి నుంచే.

వరద తరవాతి దసరాకి అమ్మని కొసపేటకి తీసుకెళ్ళాను. అక్కడ కుండలు, కొలువు బొమ్మలు చేసే వీధులున్నాయి. కొత్త సీతారాముల్ని కొన్నాం. మూడు మెట్లే కట్టాం. పార్కు గేటు దగ్గర మళ్ళీ ఇతనే.

చివరిగా ఒక సాయం అడుగుతాను. హీ-మ్యాన్ చెయ్యి చూడండి, ఖాళీగా ఉంది. ఇతని కత్తి నిజానికి సగం కత్తే. ఒక వైపు చదునుగా ఉంటుంది. మిగతా సగం ఇతని శత్రువు స్కెలెటార్ దగ్గర ఉండేది. రెండూ ఆనిస్తేనే పూర్తి కత్తి అవుతుంది. స్కెలెటార్ మా పెదనాన్నగారబ్బాయి దగ్గర ఉండేవాడు, గూడూరులో. అక్కడి పిల్లలు పుర్రెమొగంవాడనేవాళ్ళు. వేసవి సెలవుల్లో సెంట్రల్‌లో రైలెక్కి గూడూరు వెళ్తే, ఇల్లు చేరగానే మొదట చేసే పని ఆ రెండు సగాల్నీ కలిపి చూడడం. 1991 వేసవిలో వాళ్ళింటి బావి దగ్గర ఆడుతుండగా మా సగం పోయింది. పెదనాన్నగారబ్బాయి తన సగాన్ని ముప్పై ఏళ్ళు దాచి, కిందటేడు నాకిచ్చాడు. ఇదిగో, ఊదారంగుది.

కొత్తగా పోసిన నకలు కత్తులు అమ్ముతున్నారు. కొనుక్కోండి, తప్పులేదు, కానీ అడుగున నకలు అని రాసి పెట్టండి, మీ తరవాతివాళ్ళు మోసపోకుండా. నేను మాత్రం కొనలేదు. మీ ఇంట్లో, మీ చుట్టాలింట్లో, ఏ పాత డబ్బా అడుగునైనా బూడిదరంగు ప్లాస్టిక్ కత్తి, వేలెడంత, ఒక పక్క చదునుగా ఉన్నది కనపడితే నాకు చెప్పండి. అది మాది కాకపోయినా పరవాలేదు. ఎవరిదో, ఎవరాడుకున్నారో చెప్తే, నోటుబుక్కులో ఒక పేజీ ఖాళీగా ఉంచాను.